పట్టా వెనక్కివ్వడానికి వెళ్ళిన మిస్సీ

పట్టా కోసం యూనివర్సిటీ మెట్లు అరిగేలా తిరిగినవాళ్ళను లోకం చాలామందినే చూసింది. ఇచ్చిన పట్టాను వెనక్కి తీసుకోండి మహాప్రభో అని బతిమాలడానికి వెళ్ళినదాన్ని మాత్రం చూసి ఉండదు. విల్యాల్బా అనే ఊళ్ళో ఉంటూ బడిపిల్లలకు చరిత్ర చెప్పే, అందరూ మిస్సీ అని పిలిచే ఇరాయ్దా రోసాదో, ఈస్టర్ ముందరి పవిత్ర వారంలో బుధవారం పొద్దున్నే, సరిగ్గా ఆ పని మీదే బయల్దేరింది. ముందుగదిలో యేసు పటం పక్కన మేకుకు వేలాడే నల్ల అట్టను కిందికి దించింది. దాని మీద బంగారు రంగు ముద్ర, పక్కన పట్టు కుచ్చు. పద్నాలుగేళ్ళ దుమ్ము తుడిచి, తువ్వాల్లో చుట్టి సంచిలో పెట్టుకుంది.

"అక్కా, మెరిసేదాన్ని ఎక్కడికి తీసుకుపోతున్నావ్?" అని మంచం మీంచి అడిగింది మిగ్దాలియా.

మిగ్దాలియా ఆమె చెల్లెలు. వయసు ముప్పై ఎనిమిది. మనసు మాత్రం ఆరో ఏట ఆగిపోయింది. నెలకు రెండు మూడుసార్లు మూర్ఛ వస్తుంది. ఒళ్ళో ఎప్పుడూ పిట్టల బొమ్మల పుస్తకం ఒకటి ఉంటుంది. తుపానుకు ఇంటి పైకప్పు ఎగిరిపోయిన నాడు కూడా దాన్ని గౌను లోపల దాచుకుని స్నానాలగదిలో కూచుందే గానీ వదల్లేదు.

"దీనికి పొన్సే పట్నం చూపించుకొస్తానే" అంది ఇరాయ్దా.

"మళ్ళీ తెస్తావుగా?"

ఇరాయ్దా తాళాలు తీసుకుని పక్కింటి దోన్యా ప్రోవిని కేకేసింది. ఆవిడ కందుల చేటతో సహా వచ్చి గుమ్మంలో చతికిలపడింది. పదకొండేళ్ళుగా మూడు గంటల దాకా మిగ్దాలియాను కనిపెట్టుకుని ఉండేది ఆవిడే. మూడు దాటితే మాత్రం కాలుగాలిన పిల్లే.

ఇంతకూ ఈ ఉపద్రవం ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, ఇరాయ్దా పంతొమ్మిదేళ్ళు పనిచేసిన బడిని పోయిన జూన్‌లో మూసేశారు. పిల్లలు లేరన్నారు. ఎక్కడుంటారు? తుపాను తర్వాత సగం ఊరు ఫ్లోరిడాకు పోయింది. ఆమె పేరు మిగులు టీచర్ల జాబితాకెక్కింది. ఈ ఏడాదికి పొన్సేలో ఏదో బడిలో సర్దారు గానీ ఆగస్టు నుంచి వియేకెస్ దీవికి వెళ్ళాలి. ఇక్కణ్ణుంచి రెండున్నర గంటలు కారు, ఆపైన బోటు. అదీ దానికి బుద్ధి పుట్టినప్పుడే నడుస్తుంది. రోజూ వెళ్ళి వచ్చే ప్రసక్తే లేదు. మిగ్దాలియాను తీసుకుని అక్కడే కాపురం పెడదామంటే ఆ దీవిలో సరైన ఆసుపత్రి లేదు, మూర్ఛ వస్తే హెలికాప్టర్ కోసం ఆకాశం చూడాలి. వెళ్ళకపోతే ఉద్యోగం పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఊళ్ళోని హైస్కూల్లో ఒకే ఒక్క ఖాళీ ఉంది, పిల్లలకు మంచీచెడూ చెప్పే కౌన్సిలర్ పోస్టు. దానికి కౌన్సెలింగ్‌లో మాస్టర్స్ కావాలి. కనీసం సగం చదివి ఉంటే తాత్కాలికంగా తీసుకుంటారు. ఇరాయ్దా జనవరిలోనే ఒక ప్రైవేటు కాలేజీలో చేరింది. మే నెలకు సగం కావాలంటే పాత మాస్టర్స్‌లో చదివిన ఆరు సబ్జెక్టుల క్రెడిట్లు కొత్త దాంట్లో కలవాలి. స్టాటిస్టిక్స్, పరిశోధన పద్ధతులు, అభ్యసన మనస్తత్వం లాంటివి ఎక్కడ చదివినా ఒకటే కదా, కలుపుతారులే అనుకుంది.

పాత మాస్టర్స్ పూర్తయిందని దరఖాస్తులో ఆమె రాసుకున్నదాన్ని బట్టి, రెండు వారాల క్రితం కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. పూర్తయిన డిగ్రీలో ఖర్చయిపోయిన క్రెడిట్లను రెండోసారి వాడుకోవడానికి వీల్లేదు, దయతలచి రెండు సబ్జెక్టుల వరకు ఒప్పుకుంటాం అని. ఆమెతోపాటు ఒకే బెంచీ మీద కూచుని అవే ఆరు సబ్జెక్టులు చదివిన నిల్సా కూడా అదే కాలేజీలో చేరింది. నిల్సాకు ఆరూ కలిశాయి. ఎందుకంటే నిల్సా థీసిస్ రాయకుండా మధ్యలో ఎగ్గొట్టింది, డిగ్రీ రాలేదు. కాబట్టి ఆమె క్రెడిట్లు ఎక్కడా ఖర్చు కాలేదు.

"నువ్వు పూర్తి చెయ్యడమేనే నీ కొంప ముంచింది" అంది నిల్సా ఫోన్‌లో. "నా బద్ధకమే నన్ను కాపాడింది చూడు. స్టాటిస్టిక్స్‌లో నా లెక్కలన్నీ నువ్వే చేసిపెట్టావు, గుర్తుందా?"

"గుర్తుంది. నోరు మూసుకో."

"ఊరికే అన్నానే. పోనీ వెళ్ళి ఆ డిగ్రీ వెనక్కిచ్చెయ్యరాదూ?"

నిల్సా వేళాకోళంగా అన్న మాట అది. ఇరాయ్దాకు మాత్రం రాత్రుళ్ళు నిద్ర పట్టలేదు. చివరికి కాలేజీకి ఫోన్ చేసి అడిగితే అక్కడి గుమాస్తా అమ్మాయి సూటిగా చెప్పింది. "డిగ్రీ ప్రదానం కాలేదని పాత యూనివర్సిటీ మీ మార్కుల జాబితా అధికారిక కాపీ పంపితే ఆరూ కలిపేస్తాం. బుధవారం సాయంత్రం ఐదు లోపల అందాలి. ఆ తర్వాత పండగ సెలవులు, సోమవారానికి జాబితా ఖాయమైపోతుంది." నిన్నంతా పొన్సే బడిలో పరీక్షల కాపలా, సెలవివ్వలేదు. అలా ఈ బుధవారమే మిగిలింది.

*

పొన్సే యూనివర్సిటీలో రిజిస్ట్రార్ కిటికీ దగ్గర దోన్ ఎఫ్రైన్ కూచుని ఉన్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే కుర్చీ. తన వంతు వచ్చాక ఇరాయ్దా తువ్వాలు విప్పి నల్ల అట్టను బల్ల మీద పెట్టింది.

"దీన్ని వెనక్కివ్వాలండీ."

"ఏం మిస్సీ, పేరు తప్పు పడిందా?"

"లేదు. డిగ్రీయే వద్దు. ఇచ్చినట్టు రాసింది కొట్టేయండి."

దోన్ ఎఫ్రైన్ కళ్ళజోడు తీసి ఆమె మొహంలోకి చూశాడు. "డిగ్రీ రాలేదని ఈ కిటికీ దగ్గర ఏడ్చినవాళ్ళను చూశాను, తిట్టినవాళ్ళను చూశాను, ఒకాయన కుర్చీ విసిరాడు కూడా. వద్దన్నవాళ్ళను ఇదే చూడ్డం. జ్ఞానస్నానం చేయించాక తలమీద నీళ్ళు వెనక్కి తీస్తారా తల్లీ? ఇదీ అంతే."

"తియ్యాలండీ. తియ్యకపోతే నేను చస్తాను." ఆ మాట ఆమె అనాలనుకోలేదు, వచ్చేసింది. దానితోపాటు ఏడుపూ వచ్చింది. వెనక వరసలో ఉన్న కుర్రకారంతా ఫోన్లు దించి చూశారు. మిగ్దాలియా సంగతి, వియేకెస్ సంగతి, ఐదు గంటల గడువు, అన్నీ ముక్కలు ముక్కలుగా చెప్పింది. సిగ్గేసింది. అయినా ఆగలేదు.

దోన్ ఎఫ్రైన్ ఆమెకు కాగితపు రుమాలిచ్చి, ఏదో ఒకటి చెయ్యాలి గనక అట్ట తెరిచి చూశాడు. "ఇందులో పట్టా ఏదీ?"

"ఆ రోజు వేదిక మీద అందరికీ ఖాళీ అట్టే కదండీ ఇస్తారు? అసలు కాగితం తర్వాత ఆఫీసుకొచ్చి తీసుకోమన్నారు. ఆ నెల్లోనే అమ్మ పోయింది, చెల్లెలు నా చేతిలో పడింది. ఆ ఏడే డిగ్రీలకు జీతం పెంచడమూ ఆపేశారు. కాగితం ఎవరూ అడగలేదు, నేనూ రాలేదు. ఇక్కడే భద్రంగా ఉంటుందిలే అనుకున్నాను."

"పద్నాలుగేళ్ళు?"

"పద్నాలుగేళ్ళు."

ఆయన కంప్యూటర్‌లో ఆమె నంబరు కొట్టాడు. కాసేపు చూశాడు. మళ్ళీ కొట్టాడు. ఆ తర్వాత చాలా నెమ్మదిగా, చావు కబురు చెప్పేవాడిలా చెప్పాడు.

"మిస్సీ, మీకు డిగ్రీ రానే లేదు."

"అదేమిటి? నేను వేదిక ఎక్కాను!"

"వేదిక అందరూ ఎక్కుతారమ్మా. బాకీలు లేనివాళ్ళకే డిగ్రీ పడుతుంది. మీ పేరు మీద లైబ్రరీ పుస్తకం ఒకటి తిరిగి రాలేదు. 'మన దీవి పిట్టలు'. దాని మూలంగా మీ డిగ్రీ అప్పటి నుంచీ నిలిచిపోయే ఉంది."

వచ్చిన పని ఇంత సులువుగా అయిపోయినందుకు ఎగిరి గంతెయ్యాలి కదా. ఇరాయ్దాకు మాత్రం ఎవరో చెంప ఛెళ్ళుమనిపించినట్టయింది. పద్నాలుగేళ్ళు గోడకు తగిలించుకుని, కొత్త ఏడు వచ్చినప్పుడల్లా బంధువులకు చూపించుకున్నది వట్టి అట్టముక్కన్నమాట. ఆ తర్వాత, ఒక్క నిమిషం ఆలస్యంగా, సంతోషం వచ్చింది. "అయితే ఖర్చు కాలేదు! నా క్రెడిట్లు ఖర్చు కాలేదు! ఆ కాపీ ఇప్పుడే పంపండి, దోన్ ఎఫ్రైన్!"

"ఎలా పంపను? పుస్తకం బాకీ ఉండగా ఇక్కణ్ణుంచి ఏ కాగితమూ కదలదు."

"డబ్బు కట్టేస్తాను."

"ఆ పుస్తకం ఇప్పుడు అచ్చులో లేదు. డబ్బు తీసుకోరు, పుస్తకమే కావాలంటారు. ఇంకో చిక్కు కూడా ఉంది. పుస్తకం జమ అయిన నిమిషంలో మీ డిగ్రీ దానంతటదే పడిపోతుంది."

పుస్తకం ఇవ్వకపోతే కాపీ రాదు. ఇస్తే డిగ్రీ వచ్చి క్రెడిట్లు పోతాయి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే మరి. ఇరాయ్దా కిటికీ చెక్కను రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

దోన్ ఎఫ్రైన్ వెనకున్న కుర్రాళ్ళను పక్క కిటికీకి పొమ్మని, సొరుగులోంచి ఒక పసుపు కాగితం తీశాడు. "డిగ్రీ కోసం అప్పట్లో మీరు పెట్టుకున్న దరఖాస్తును వెనక్కి తీసుకుంటున్నానని ముందు దీని మీద సంతకం పెట్టండి. ఆ తర్వాత పుస్తకం ఇవ్వండి. అప్పుడు పడటానికి డిగ్రీ ఉండదు, ఆపడానికి బాకీ ఉండదు. కానీ బాగా ఆలోచించుకోండి మిస్సీ. సంతకం పెట్టాక మళ్ళీ కావాలంటే ఇవ్వలేం. ఆ థీసిస్‌కు ఎప్పుడో కాలం చెల్లిపోయింది."

థీసిస్ మాట వినగానే ఆమె చెయ్యి ఆగిపోయింది. ఇళ్ళల్లో కూచుని అమెరికా దుకాణాలకు చేతిరుమాళ్ళు కుట్టిపెట్టిన ఆడవాళ్ళ కథ అది, రెండువందల పన్నెండు పేజీలు. పదకొండుమంది ముసలమ్మల దగ్గర కూచుని, కాఫీలు తాగి, వాళ్ళు చెప్పిందల్లా రాసుకుంది. అందులో ఒకరు ఆమె అమ్మమ్మే. ఇప్పుడు పదకొండుమందిలో ఒక్కరూ లేరు. తన జీవితంలో తన కోసం తాను చేసిన పని ఏదైనా ఉందంటే అదొక్కటే.

"కలం ఇవ్వండి" అంది.

సంతకం పెట్టింది. ఆయన ఆ కాగితాన్ని వెంటనే ముద్ర వెయ్యకుండా పక్కన పెట్టి, "నాలుగింటికి కిటికీ మూసేస్తాం. పుస్తకం ఎక్కడుందో తెలుసా?" అని అడిగాడు.

"తెలుసు" అంది ఇరాయ్దా. "మా చెల్లెలి ఒళ్ళో."

*

విల్యాల్బా చేరేసరికి ఒంటిగంట దాటింది. దారిలో కొండచరియ విరిగిపడిన చోట ఒక్కో కారునే వదులుతున్నారు. దారి పొడుగునా ఇరాయ్దా మాటలు పేర్చుకుంది. కొత్త పుస్తకం కొంటానని చెప్దాం, పిట్టల్ని చూపించడానికి సముద్రానికి తీసుకెళ్తానని చెప్దాం అనుకుంది. అప్పట్లో లైబ్రరీ నుంచి నోటీసు వచ్చినప్పుడు ఒకసారి ఆ పుస్తకం తీసుకోబోతే, ఆ రాత్రే మిగ్దాలియాకు వరసగా మూడుసార్లు మూర్ఛ వచ్చింది. ఇక దాని జోలికి పోలేదు. పోయిందని ఉత్తరం రాసి పారేసి, మర్చిపోయింది.

మిగ్దాలియా గుమ్మంలో కూచుని పేజీలు తిప్పుతోంది. ప్రతి పిట్టకూ ఒక పెన్సిల్ గీత ఉంది. ఆకుపచ్చ ఒళ్ళు, ఎర్ర గొంతు ఉన్న సాన్ పెద్రీతో పిట్ట దగ్గర లెక్కలేనన్ని గీతలు.

"మిగ్దా, బంగారుతల్లీ, ఈ పుస్తకం మనది కాదే. దీన్ని ఇచ్చేయాలి."

"నాది."

"నీకు ఇంకోటి కొంటాగా. ఇంతకంటే పెద్దది."

"పెద్దది నువ్వు ఉంచుకో."

మామూలు రోజైతే ఇరాయ్దా నవ్వేది. గడియారం చూసింది. ఒకటీ ఇరవై. మళ్ళీ బతిమాలింది, కోప్పడింది, జామ హల్వా పెడతానంది. మిగ్దాలియా పుస్తకాన్ని గౌను లోపలికి తోసుకుని చేతులు కట్టుకుంది. ఒకటీ నలభై. అప్పుడు ఇరాయ్దా, జీవితంలో ఎన్నడూ చెల్లెలి మీద చెయ్యెత్తని ఇరాయ్దా, ఆమె రెండు మణికట్లూ పట్టుకుని విడదీసి, గౌను మెడలోంచి పుస్తకాన్ని లాగేసింది. గౌను చిరిగింది. మిగ్దాలియా అరవలేదు. నోరు తెరుచుకుని అలా చూస్తూ ఉండిపోయింది. అరిచినా బాగుండేది.

"నీకు మతి గానీ పోయిందా, అమ్మాయ్?" దోన్యా ప్రోవి చేట వదిలేసి లేచింది. కందులన్నీ గుమ్మం నిండా చిందాయి. "బొమ్మల పుస్తకం కోసం పిచ్చిపిల్లతో కుస్తీ పడతావా?"

"మిగ్దా కోసమేనండీ! ఇదంతా దాని కోసమే చేస్తున్నాను!"

"దాని కోసం చేసేదాన్ని దాన్నుంచి లాక్కుని చేస్తారా?"

ఇరాయ్దా పుస్తకాన్ని సంచిలో పెట్టుకుంది. మూర్ఛ వస్తే ఇవ్వాల్సిన మందు బల్ల మీద ఉందని చెప్పి, వెనక్కి తిరిగి చూడకుండా కారెక్కింది. మలుపు తిరిగాక కారు ఆపాల్సి వచ్చింది. తను చేసిన పని తనకే అసహ్యంగా ఉంది. అక్కడే రెండు నిమిషాలు పోయాయి.

*

ముందు కిటికీ దగ్గర ఆగి, దోన్ ఎఫ్రైన్ చేత పసుపు కాగితం మీద ముద్ర వేయించి, ఇరాయ్దా లైబ్రరీకి వెళ్ళింది. అక్కడున్నావిడ పుస్తకాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని తిరగేసింది. "గీతలు. జామ మరకలు. ఇది పళ్ళగాటా?"

"అవునండీ."

"పళ్ళగాట్లకు ఫారం లేదు" అని ఆవిడ నిట్టూర్చి, కంప్యూటర్‌లో జమ చేసింది. ఆ తర్వాత దోన్ ఎఫ్రైన్ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ఆవిడ ఊఁ కొడుతూ విని, లోపలికి వెళ్ళి ఒక నల్ల బైండు పుస్తకం పట్టుకొచ్చి బల్ల మీద పెట్టింది. "ఇది మీరు తీసుకెళ్ళిపోవాలి. డిగ్రీ లేని థీసిస్ అలమారలో ఉండకూడదు. రూలు."

ఇరాయ్దా థీసిస్. వెనక అతికించిన చీటీ మీద ముద్రలున్నాయేమోనని చూసింది. పద్నాలుగేళ్ళలో దాన్ని ఒక్కరూ తీసుకెళ్ళలేదు. దాన్ని సంచిలో, ఖాళీ అట్ట పక్కన, పడేసింది.

మూడూ నలభై ఐదుకు దోన్ ఎఫ్రైన్ కంప్యూటర్‌లో బాకీ తీరినట్టు కనబడింది. నాలుగుకు ఐదు నిమిషాల ముందు అధికారిక కాపీ కొత్త కాలేజీకి వెళ్ళింది. ముప్పై ఆరు క్రెడిట్లు, అన్నింట్లో మంచి మార్కులు, అడుగున 'డిగ్రీ ప్రదానం కాలేదు' అని ఒక్క వాక్యం. ఆవరణలో చెక్కబల్ల మీద కూచుని ఆమె ఫోన్ వైపు చూస్తూ ఉంది. నాలుగూ నలభైకి కాలేజీ గుమాస్తా అమ్మాయి జవాబిచ్చింది. ఆరు సబ్జెక్టులూ కలిశాయి, మేలో సగం పూర్తవుతుంది, పోస్టుకు పేరు పంపుతున్నాం, పండగ శుభాకాంక్షలు.

ఇరాయ్దా ఆ ముక్కను నాలుగుసార్లు చదువుకుంది. గెలిచింది. లేచి కారు వైపు నడిచింది.

*

మిగ్దాలియాకు మూర్ఛ రాలేదు. అంతకంటే చెడ్డది వచ్చింది. బుధవారం రాత్రి, గురువారం పగలూ రాత్రీ అక్కతో ఒక్క మాట మాట్లాడలేదు. గోడవైపు తిరిగి, ఒళ్ళో చేతులు ఖాళీగా పెట్టుకుని కూచుంది. ఉద్యోగం ఊళ్ళోనే ఉంటుందే, నిన్ను వదిలి ఎక్కడికీ పోనే అని ఇరాయ్దా ఎన్నిసార్లు చెప్పినా ఆ మొహం ఇటు తిరగలేదు. దానికి వియేకెస్ తెలుసా, క్రెడిట్లు తెలుసా? దానికి తెలిసింది ఒకటే, అక్క తన చేతులు విరిచి తన పిట్టల్ని ఎత్తుకుపోయింది.

శుక్రవారం దోన్యా ప్రోవి ఉప్పుచేపా, ఉడికించిన కర్రపెండలమూ తెచ్చిపెట్టింది. మిగ్దాలియా ముట్టలేదు. ఇరాయ్దా పళ్ళెమూ అలాగే ఉంది. పెండలం చల్లారిపోతూ ఉంటే ఇంకేం చెయ్యాలో తోచక, సంచిలోంచి ఆ నల్ల బైండు పుస్తకం తీసి చెల్లెలి ఒళ్ళో పెట్టింది.

"ఇది చూడవే. ఇది నేను రాసింది."

మిగ్దాలియా గోడవైపే చూస్తూ ఉంది. తర్వాత అలవాటైన వేళ్ళు వాటంతట అవే అట్ట తెరిచాయి. పేజీలు తిప్పింది. అక్షరాలు, అక్షరాలు, పట్టికలు. "పిట్టలు లేవు" అంది. రెండు రోజుల్లో మొదటి మాట.

"లేవే. నన్ను క్షమించు మిగ్దా."

మిగ్దాలియా తిప్పడం ఆపలేదు. నూట నలభయ్యో పేజీ దగ్గరో ఎక్కడో ఒక పాత ఫోటో ఉంది. గుమ్మంలో కూచున్న అమ్మమ్మ, ఆమె మోకాళ్ళ మీద పరిచిన చేతిరుమాలు, దాని మూలన దారంతో కుట్టిన చిన్న పిట్ట. ఆ ఫోటో పెట్టిన సంగతే ఇరాయ్దా మర్చిపోయింది. మిగ్దాలియా మొహం కాగితానికి ఆనించి చూసింది. నలుపూ తెలుపూ బొమ్మే, రంగు లేదు. అయినా గుర్తుపట్టింది.

"సాన్ పెద్రీతో!"

బల్ల మీద పెన్సిల్ వెతికి తెచ్చుకుని, ఫోటో పక్కన గీత గీసింది. ఆ తర్వాత పుస్తకాన్ని ఠక్కున మూసి, రెండు చేతులతో గుండెకు అదుముకుని, అక్క చేతుల వైపు భయంభయంగా చూసింది.

"దీన్ని ఎప్పుడు తిరిగివ్వాలి?"

"ఇవ్వక్కర్లేదే" అంది ఇరాయ్దా. "ఇది ఇంకెవరికీ అక్కర్లేదట. నీదే."